ముఖం స్పష్టంగా లేదు

ఆ ఎండాకాలం మా బట్టల మిల్లులో సగం మంది మగాళ్ళు మీసాలు గీయించేసుకున్నారు.

మిల్లు చేతులు మారింది. కొత్తగా వచ్చినవాళ్ళు పాత గుర్తింపు కార్డులు చెల్లవన్నారు. వానలు పడేలోగా, అంటే ఆరు వారాల్లో, ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి మేస్త్రీల దాకా ప్రతి ఒక్కరూ తెల్ల గుడ్డ ముందు కూర్చుని కొత్త ఫొటో దిగాలి. ఆ ఫొటోని మనుషులు చూడరు, ఆఫీసులో పెట్టిన మెషీను చూస్తుంది. దానికి నచ్చకపోతే మూడో రోజున గేటు దగ్గర ఒక చీటీ చేతిలో పెడతారు. చీటీ మీద ఒకటే ముక్క: "ముఖం స్పష్టంగా లేదు." మూడు చీటీలు వచ్చినవాడి పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ సర్వీసువాడైనా, మొన్న చేరినవాడైనా ఒకటే. గేటు తెరుచుకోదు.

మొదటి వారమే నూట యాభై చీటీలొచ్చాయి. మెషీనుకి మీసాలు పడవని ఎవరో పుట్టించారు. మంగలి షాపు ముందు వరస మిల్లు గేటు ముందు వరసకంటే పొడుగైంది. మీసాలు పోయాక కూడా చీటీలు ఆగకపోయేసరికి, తలకి నూనె ఉండకూడదన్నారు, చెవులు రెండూ సమానంగా కనపడాలన్నారు. గోదాములో పనిచేసే ఒకాయన ముక్కు మీది పుట్టుమచ్చని సూదితో కాల్చుకుని వచ్చి కూర్చున్నాడు. పుండు ఇంకా చెమ్మగానే ఉంది.

ఫొటోలు తీసే కాంట్రాక్టు మా బావది. బావంటే మా అక్క మొగుడు. బజారులో చిన్న స్టూడియో ఉండేది. మిల్లువాళ్ళు గేటు పక్కన, ఒకప్పటి సైకిళ్ళ షెడ్డులో ఒక గది ఇచ్చారు. ఒక కిటికీ, ఒక స్టూలు, గోడకి మేకులతో బిగించిన తెల్ల దుప్పటి. పేర్లు రాసుకోవడానికి, కాలర్లు సరిచెయ్యడానికి తోడుగా నన్ను రమ్మన్నాడు. నాకప్పటికి ఇరవై ఏడు. స్టూడియోలో అయిదేళ్ళుగా అదే పని చేస్తున్నాను.

చీటీలు కుప్పలుగా వచ్చిన రోజు బావ కెమెరా వెనకున్న చిన్న తెర మీద ఫొటోలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి నాలుక కరుచుకున్నాడు. దుప్పటి బూడిదరంగులో ఉంది. ముఖాలన్నీ పొగ చూరిన గోడల్లా ఉన్నాయి. పని తొందరలో వారమంతా కెమెరాని దాని మానాన వదిలేశాడు.

"ఇలా రా మరదలా, నీకూ తెలియాలి," అని పక్కన నిలబెట్టుకున్నాడు. "ఇది మనిషిని చూడదు, వెలుగుని చూస్తుంది. లోకంలో అన్నీ కలిపితే బూడిదరంగే అవుతుందని దీని లెక్క. తెల్ల దుప్పటి చూపించామా, ఇంత వెలుగెందుకని తగ్గించేస్తుంది. దుప్పటితో పాటు ముఖమూ చీకట్లో పడుతుంది. నల్ల గుడ్డ చూపిస్తే దానికి తిరగేసి, ఉన్నదానికంటే పెంచేస్తుంది."

"మరేం చెయ్యాలి?"

"అది నిజంగానే తెల్లగా ఉంది, నీ లెక్కకి ఇంకొంచెం కలుపు అని మనం చెప్పాలి."

కూడికా తీసివేతా గుర్తులున్న మీట నొక్కిపట్టి, బొటనవేలితో చక్రాన్ని తిప్పాడు. ఒక్కో టక్కుకీ మూడోవంతు. నాలుగు టక్కులకి ఒకటీ మూడోవంతు. నన్నే స్టూలు మీద కూర్చోబెట్టి రెండు ఫొటోలు తీశాడు, సున్నా మీద ఒకటి, నాలుగు టక్కుల మీద ఒకటి. మొదటిదాంట్లో నా కళ్ళెక్కడున్నాయో వెతుక్కోవాలి. రెండోదాంట్లో దుప్పటి దుప్పటిలా ఉంది, నేను నాలా ఉన్నాను.

అన్నీ దానికే వదిలేసే ఆకుపచ్చ గుర్తు మీద పెడితే ఈ మీట అసలు పనిచెయ్యదని చెప్పాడు. అన్నీ మనమే చూసుకునే 'ఎమ్' అక్షరం మీద పెడితే కిటికీకి మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచి సరిచేసుకోవాలి, వరసలో నిలబడ్డవాళ్ళు తిడతారు. అందుకని 'ఏ' అనే అక్షరం మీద పెట్టాలి. లెన్సు ఎంత తెరవాలో మనం చెప్తాం, ఎంతసేపు తెరిచి ఉంచాలో అది తేల్చుకుంటుంది, ఈ మీట ఆ తేల్చుకున్నదాన్ని సవరిస్తుంది. మనం ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది, మర్చిపోకు అని రెండుసార్లు చెప్పాడు.

ఆ రోజు నుంచి చీటీలు తగ్గాయి. కానీ మీసాల మాట అబద్ధమని బావ ఎవరికీ చెప్పలేదు. తప్పు తనదని ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకున్నాడనుకున్నాను. వారం గడిచాక అసలు సంగతి తెలిసింది. టైంకీపరు ఫొటోకి వచ్చాడు. ఒకప్పుడు నాన్నకి అన్నం తెచ్చే అక్క కోసం గేటు దగ్గర నిలబడ్డ బావని మెడపట్టి గెంటించినవాడు. బావ అతన్ని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నాలుగు టక్కులు వినిపించాయి. వెనక్కి. మూడు రోజులకి టైంకీపరు చీటీ పట్టుకుని, మీసం లేని పెదవి తడుముకుంటూ వరసలో నిలబడ్డాడు. బావ నా వంక చూసి కన్ను కొట్టాడు. నేను నవ్వాను. దాచుకోవడం దేనికి, నిజంగానే నవ్వొచ్చింది.

మూడో వారంలో నాన్న వచ్చాడు.

నాన్నకి రంగుల ఖాతాలో అది ముప్ఫై ఒకటో ఏడు. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నీలం పోయేది కాదు. అక్క తనకి నచ్చినవాణ్ణి చేసుకుందని ఎనిమిదేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కలేదు. బావని పేరుపెట్టి కూడా పిలవడు, కెమెరా పట్టుకు తిరుగుతాడని "ఆ డబ్బావాడు" అంటాడు. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నేనూ ఆయనా. నేను స్టూడియోలో పనిచెయ్యడం ఆయనకి ఇష్టం లేదు. కాకపోతే ఇంటికొచ్చి వేళకి వండిపెడుతున్నంతకాలం చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

స్టూలు మీద కూర్చుని నాన్న బావ వైపు చూడలేదు. తొందరగా కానివ్వమని ఆ డబ్బావాడితో చెప్పమని నాకు చెప్పాడు. బావ గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు, భుజాలు వదులుగా పెట్టమన్నాడు, మామగారూ మామగారూ అంటూ పది మందికి పట్టే సేపు ఆయన్ని కూర్చోబెట్టాడు. నేను కాలరు సర్ది పక్కకి వచ్చేసరికి టక్కులు వినిపించాయి.

నాన్న వెళ్ళాక సున్నా మీద తీశావన్నాను.

"తీశాను," అన్నాడు బావ. "ఎనిమిదేళ్ళలో ఒక్కసారి నా ఎదురుగా కూర్చున్నాడు. ఇంకోసారి కూర్చుంటే అరిగిపోతాడా?"

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పొచ్చు. చెప్పలేదు. ఒక చీటీతో కొంప మునగదనుకున్నాను. పైగా ఆ పూట నాన్న నేను చేసిన పప్పు కంచాన్ని పక్కకి తోసి, మీ అమ్మ ఉంటే నాకీ గతి పట్టేదా అని లేచిపోయాడు.

చీటీ వచ్చింది. కళ్ళజోడు లేదని నన్ను చదవమన్నాడు. చదివాను. మర్నాడు పొద్దున లేచి చూస్తే పెరట్లో గోడకి అద్దం ఆనించుకుని మీసం తీసేస్తున్నాడు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఉన్న మీసం. అది పోయాక నాన్న మొహం చిన్నదైపోయింది. పైపెదవి మిగతా మొహంకంటే తెల్లగా, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. వీధిలో పిల్లలు నవ్వుతున్నారని ఆ రోజు చుట్టుతిరిగి మిల్లుకెళ్ళాడు.

రెండోసారి స్టూలు మీద కూర్చున్నప్పుడు నేరుగా బావనే చూశాడు.

"బాబూ, కొంచెం చూసి తియ్యి," అన్నాడు.

బావ చెయ్యి కెమెరా మీద ఒక్క క్షణం ఆగింది. ఆగింది కదా, ఇక ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. టక్కులు వినిపించాయి, నాలుగూ.

రెండో చీటీ వచ్చిన రోజు బావతో పోట్లాడాను. అక్కకి చెప్తానన్నాను, మిల్లువాళ్ళకి చెప్తానన్నాను. బావ తల వంచుకుని విన్నాడు. చివరికి, ఇక చాలన్నాడు. ఆఖరి వారం తను రెండో గేటు దగ్గర ఇంకో కెమెరా పెట్టుకుంటాడు, ఈ గదీ ఈ కెమెరా నావి, నాన్న ఫొటో నన్నే తియ్యమన్నాడు.

ఆ మాట చెప్తే నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఈసారి తియ్యబోయేది నేనేనా అని రెండుసార్లు అడిగాడు. మర్నాటికి వీధి వీధంతా తెలిసిపోయింది. అమ్మాయి కెమెరా పట్టుకుంటే మెషీను నోరెత్తదని కనపడ్డవాడికల్లా చెప్పుకున్నాడు. నా గురించి నాన్న ఒక మంచి ముక్క చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగి అదే మొదలు.

ఆఖరి రోజుకి ముందురోజు మిల్లు ఎలక్ట్రీషియను ఫొటోకి వచ్చాడు.

ఏడాది కిందట అతనికీ నాకూ సంబంధం మాట్లాడారు. వాళ్ళమ్మతో కలిసి రెండుసార్లు మా ఇంటికొచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు మా వంటింట్లో ఆగి ఆగి వెలిగే లైటుని తనే బల్ల ఎక్కి బాగుచేశాడు. ఆ తర్వాత రాలేదు. నచ్చలేదేమో, నేనే ఏదైనా మాట తూలానేమో అని ఏడాదంతా ఆ రెండు సాయంత్రాల్నీ తిరగేసి మరగేసి చూసుకున్నాను. నాన్నని అడిగితే, వాళ్ళకి నీ మొహం నచ్చలేదట, ఏం చేస్తాం అన్నాడు.

స్టూలు మీద కూర్చోకుండా అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎలా ఉన్నారని అడిగాడు. బాగానే ఉన్నానన్నాను.

"ఇంకా వస్తున్నాయా?" అన్నాడు.

"ఏమిటి?"

"మూర్ఛలు. మా అమ్మ పిన్నికి కూడా ఉండేవి. మందులు మానకుండా వాడితే తగ్గుతాయి."

ఎవరు చెప్పారని అడిగాను. మీ నాన్నగారే అన్నాడు. పెళ్ళయ్యాక తెలిస్తే మోసం చేశారంటారని, ముందే చెప్పడం ధర్మమని, మిల్లు గేటు దగ్గర వాళ్ళమ్మని పక్కకి పిలిచి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఎంత మంచి మనిషో అని వాళ్ళమ్మ ఇప్పటికీ అంటుందట. ఈ మధ్యే తనకి వేరే సంబంధం కుదిరిందని కూడా చెప్పాడు, నేల చూపులు చూస్తూ.

కూర్చోమన్నాను. కాలరు సరిచేశాను. నాలుగు టక్కులు ముందుకే ఉన్నాయో లేవో చూసుకుని ఫొటో తీశాను. చాలా బాగా వచ్చింది. అతని తర్వాత ముప్ఫై ఏడుమందికి తీశాను. సాయంత్రం ఇంటికెళ్ళి వండాను, నాన్నకి వడ్డించాను. ఉప్పు తక్కువైందన్నాడు. తెచ్చి వేశాను.

మర్నాడు పదిన్నరకి నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నల్లగా ఉన్నానని మెషీను వద్దంటోందేమోనని మొహానికి పౌడరు రాసుకున్నాడు, మీసం తీసేసిన చోట ఇంకాస్త దట్టంగా. మెడ మాత్రం మర్చిపోయాడు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వుతుంటే, కూతురు తీస్తోందిరా, నవ్వుకోండి అన్నాడు.

స్టూలు మీద కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఇలా పర్వాలేదా?"

"బాగుంది."

"తొందరగా తీసెయ్యి. ఇవాళైనా కూర మాడ్చకు, నిన్నంతా కడుపులో మంట."

మీట నొక్కిపట్టాను. నాలుగు టక్కులు వెనక్కి తిప్పాను. తీశాను. తెర మీద చూసుకున్నాను. దుప్పటి బూడిదరంగు, దాని మధ్యలో చీకటి.

"వచ్చిందా?" అన్నాడు నాన్న.

"వచ్చింది," అన్నాను.

ఆయన దిగి వెళ్ళాక నాలుగు టక్కులు ముందుకి తిప్పి, తర్వాత మనిషిని పిలిచాను.

ఆఫీసువాళ్ళు సాయంత్రం అయిదింటికి వచ్చి కెమెరాలోని ఫొటోల కార్డు తీసుకెళ్తారు. మధ్యలో ఆరున్నర గంటలున్నాయి. నాన్న నాకు వందడుగుల దూరంలో, రంగు తొట్ల దగ్గరే ఉన్నాడు. ఎవరినైనా పంపితే అయిదు నిమిషాల్లో వచ్చి కూర్చునేవాడు. ఆ సంగతి ఆ రోజు గంట గంటకీ నాకు గుర్తొస్తూనే ఉంది. అయిదింటికి కార్డు తీసి ఆఫీసువాడి చేతిలో పెట్టాను.

గడువు దాటిన నాలుగో రోజు నాన్న రోజూలాగే ఏడింటికి బయల్దేరాడు. ముందురోజు చేతిలో పెట్టిన మూడో చీటీ జేబులో ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పలకరించి లోపలికెళ్ళే వాచ్‌మన్, జాబితాలో పేరు లేదని గేటు వెయ్యడం నేను కెమెరా సామాను సర్దుకుంటూ షెడ్డులోంచి చూశాను. నాన్న గొడవ చెయ్యలేదు. వాచ్‌మనే చెమటలు తుడుచుకుంటూ ఏవేవో సర్దిచెప్పాడు. పదింటి దాకా గేటు బయట నీడలో కూర్చుని, డబ్బాలో కట్టుకెళ్ళిన అన్నం అక్కడే తినేసి ఇంటికొచ్చాడు. అలా పేర్లు పోయినవాళ్ళు మొత్తం పదకొండుమంది. టైంకీపరు వాళ్ళలో లేడు.

అందరూ పలకరించడానికి వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ నాన్న ఒకటే చెప్పేవాడు. ఆ డబ్బావాణ్ణి అనవసరంగా అనుమానించాను, పాపం వాడి తప్పేమీ లేదు, మా అమ్మాయి స్వయంగా తీసినా రాలేదంటే లోపం నా మొహంలోనే ఉంది అనేవాడు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని.

బావకి మాత్రం అనుమానమొచ్చింది. మా కంప్యూటర్లో ఫొటోల నకళ్ళుంటాయి. ఏ ఫొటో ఏ లెక్క మీద తీశారో పక్కనే అంకెలు కనపడతాయి. ఒక మధ్యాహ్నం స్టూడియోలో ఆ రోజు ఫొటోలు తెరిచి కూర్చున్నాడు. నేను తుడుస్తున్న లెన్సు తుడుస్తూనే ఉన్నాను. నాన్నకి ముందు మనిషి, ఒకటీ మూడోవంతు. నాన్న, సున్నా. నాన్న తర్వాతి మనిషి, ఒకటీ మూడోవంతు. నా మొహం చూడకుండానే మాట్లాడాడు.

"నేను రెండుసార్లతో ఆపేశాను," అన్నాడు.

అక్కకి ఆయన చెప్పలేదు. చెప్తే తన రెండు ఫొటోలూ బయటపడతాయి. అప్పట్నుంచి నన్ను మరదలా అని పిలవడం మానేశాడు.

వానలు మొదలయ్యాయి. నాన్న ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే. మీసం మళ్ళీ పెంచాడు, ఈసారి తెల్లగా వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి నేను స్టూడియో నుంచి వచ్చి వడ్డించేదాన్ని. ఒకరోజు పక్కింటాయన వచ్చి వెళ్ళాడు. మళ్ళీ అదే మాట, మా అమ్మాయి స్వయంగా తీసినా అని. ఆయన గుమ్మం దాటగానే చెప్పేశాను. మీట సంగతి, దుప్పటి సంగతి, బావ తీసిన రెండూ, నేను తీసిన మూడోది. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పాను.

నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. మింగాక అడిగాడు.

"ఎలక్ట్రీషియను కనపడ్డాడా?"

"కనపడ్డాడు."

"ఎప్పుడు?"

"అంతకు ముందురోజు."

తల ఊపాడు. కంచంలో ఉన్నదంతా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కంచం తీసుకెళ్ళి తనే కడిగి బోర్లించాడు. ఆయన అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వెళ్ళిపోతే నాకెవరు వండిపెడతారనుకున్నాను," అన్నాడు, చెయ్యి తుడుచుకుంటూ. ఆ మాటలో కోపం లేదు, క్షమించమనడమూ లేదు. అడిగినదానికి జవాబిచ్చినట్టు చెప్పాడు. నేనేమో అడగనే లేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి బట్టలు సంచీలో సర్దుకుంటున్నాడు. ఎక్కడికంటే, అక్క దగ్గరికన్నాడు. ఎనిమిదేళ్ళుగా గడప తొక్కని ఇంటికి, తన మొహాన్ని రెండుసార్లు చీకట్లో ముంచినవాడి ఇంటికి. అక్కడైతే వేళకి వండుతారని కాదు. ఇక్కడ నా చేతి అన్నం ఇక ఆయన తినలేడు, అంతే.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగాడు. ఉన్నట్టుండి ఎందుకొచ్చావని అక్క అడిగితే ఏం చెప్పమంటావన్నాడు.

"జరిగింది చెప్పు," అన్నాను.

"ఇద్దరు కూతుళ్ళ సంసారాలూ నేనే చెడగొట్టాలా?" అన్నాడు. రెండో చెప్పు కూడా వేసుకున్నాడు. "నీకు ఒంట్లో బాగుండటం లేదని చెప్తాలే. వండలేకపోతున్నావని."

సంచీ తలమీద పెట్టుకుని వానలోనే వెళ్ళాడు. గొడుగు ఇస్తే తీసుకోలేదు.

మర్నాడు సాయంత్రం అక్క వచ్చింది. సంచీ నిండా పళ్ళు, బలానికి ఒక మందు సీసా తెచ్చింది. నాన్న తన ఇంటికొచ్చాడన్న సంతోషాన్ని నా ముందు దాచుకోవడానికి అవస్థ పడుతోంది. బావ ఆయనకి కిటికీ పక్కన మంచం వేశాడట, అడక్కుండానే అన్నీ అందిస్తున్నాడట. నా నుదురు తడిమి చూసింది. కింది రెప్ప లాగి కన్ను చూసింది.

"ఇంత పాలిపోయావేమిటే. ఎప్పట్నుంచి ఇలా?" అంది.

"ఎండాకాలం నుంచి," అన్నాను.

చెంచాలో మందు వంచి నోటి దగ్గర పెట్టింది. తాగాను.